బాబాయ్‌కి పట్టింది గాలి కాదు!

మాది గురజాల దగ్గర పల్లె. మా బాబాయ్ మిర్చి లెక్కలన్నీ కాగితం లేకుండా నోటితో చెప్పేసే మనిషి. అలాంటిది ఓరోజు నన్ను చూసి "ఎప్పుడొచ్చావురా?" అన్నాడు. చెప్పా. ఐదు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న! రాత్రుళ్లు నిద్ర లేదు. గోడ దగ్గర ఎవరో ఉన్నారని కేకలు. ఎన్నడూ లేనిది పిన్ని మీద చెయ్యెత్తాడు.

"గాలి సోకింది" అన్నారు ఊళ్లో. తాయెత్తు కట్టించాం. ఒక డాక్టర్ టెన్షనేనని నిద్రమాత్రలు రాశారు. మూడు వారాలు అలానే పోయాయి.

ఓ సాయంత్రం బాబాయ్ చూపు నిలిచిపోయింది. పిలిస్తే పలకడు, పెదాలు చప్పరిస్తున్నాడు. ఏం చేయాలో తోచక ఫోన్లో వీడియో తీశా. నలభై సెకన్లు. గుంటూరులో న్యూరాలజిస్ట్ అది రెండుసార్లు చూసి, "ఇవి ఫిట్సే. సిగరెట్లు తాగుతారా?" అని అడిగారు. మతిమరుపుకీ సిగరెట్‌కీ సంబంధమేంటి అనుకున్నా.

ఉంది. ఎమ్మారై తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు, ఛాతీకి సీటీ స్కాన్ చేశారు. ఊపిరితిత్తిలో చిన్న గడ్డ. స్మాల్ సెల్ క్యాన్సర్. అది మెదడుకి పాకలేదు. మరి మెదడెందుకు దెబ్బతింది?

కొన్ని క్యాన్సర్ కణాల మీద, మామూలుగా నరాల కణాల్లో ఉండే ప్రొటీన్లు ఉంటాయట. మన రోగనిరోధక శక్తి వాటిని శత్రువని గుర్తుపట్టి దాడికి దిగుతుంది. అవే గుర్తులు మెదడు కణాల్లోనూ ఉన్నాయి కదా, వాటినీ వదలదు. అలా జ్ఞాపకాలు, కోపతాపాలు చూసుకునే భాగం వాస్తుంది. దీన్నే లింబిక్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. 1968లోనే బ్రిటన్ వైద్యులు దీనికి క్యాన్సర్‌తో ఉన్న సంబంధం గురించి రాశారు. చాలామందిలో క్యాన్సర్ కంటే ముందు ఈ లక్షణాలే బయటపడతాయి. వయసులో ఉన్న అమ్మాయిల్లో అండాశయంలో గడ్డ వల్ల వచ్చే ఇలాంటి జబ్బునే 2007లో అమెరికాలో గుర్తించారు. గడ్డ తీసేసి, వెంటనే మందులు వాడితే వాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు.

బాబాయ్‌కి స్టెరాయిడ్లు ఇచ్చారు, తర్వాత కీమో. ఫిట్స్ ఆగాయి. పిన్ని మీద కోపం పోయింది. జ్ఞాపకశక్తి మాత్రం పూర్తిగా రాలేదు. ఆ మూడు వారాలు మాకు తిరిగి రావు.

అందుకే చెప్తున్నా. బాగున్న మనిషి రోజుల్లో మారిపోతే, మతిమరుపుతో పాటు ఫిట్సో, లేనివి కనబడటమో ఉంటే, తాయెత్తు దగ్గర ఆగకండి. ఓ వీడియో తీసి, వెంటనే న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.

మొన్న ఇంటికెళ్తే బాబాయ్ "ఎప్పుడొచ్చావురా?" అన్నాడు. చెప్పా. ఆ పూట మళ్లీ అడగలేదు.