గాజుతొట్టిలోని మొక్కల యాకలి

ముందుగదిలో గాజుతొట్టి యుంచి, చేపలతోపాటు సజీవములైన నీటిమొక్కలను పెంచు ముచ్చట మన యిండ్లలో హెచ్చుచున్నది. కాని కొని తెచ్చిన మొక్క మూడు వారములు పచ్చగా నుండి, పిమ్మట ఆకులు పలుచబడి, పాచి పట్టి కరగిపోవుచున్నదని మా మిత్రురాండ్రు పలువురు చెప్పుచుందురు. మా యింటను అట్లే జరిగినది. ఎరువు చాలలేదనుకొని సీసాతో తెచ్చి పోసితిమి. వెలుతురు చాలలేదనుకొని దీపమును దినమునకు 14 గంటలు వెలిగించితిమి. పది దినములలో తొట్టియంతయు పాచిమయమైనది. మొక్కకు పెట్టిన విందును పాచి యారగించినది!

ఎండిన మొక్క బరువులో నూటికి సుమారు 40 పాళ్లు కర్బనమే. పెరటిమొక్క దానిని గాలిలోని బొగ్గుపులుసుగాలినుండి గ్రహించును. నీటిలో నా వాయువు గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. గాలి సోకుచు నిలిచిన నీటిలో లీటరునకు అర మిల్లీగ్రామునకు మించి యంతగా నుండదు. మొక్కలను శ్రద్ధతో పెంచువారు 20 మొదలు 30 మిల్లీగ్రాముల వఱకు ఉండునట్లు చూతురు. పోషకములలో నేది మిక్కిలి తక్కువో దానినిబట్టియే పెరుగుదల యుండునని జర్మను రసాయనవేత్త లీబిగ్ 19వ శతాబ్దమున ప్రచారము చేసెను. పెసలు నానబోయక జీలకఱ్ఱ యెంత వేసినను పెసరట్టగునా?

ఈ సంగతి తెలిసికొని, రెండు లీటర్ల సీసాలో రెండు గిన్నెల పంచదార, పావుచెంచా ఈస్టు, గోరువెచ్చని నీరు పోసి, మూతకు గొట్టము తగిలించి తొట్టిలోనికి విడిచితిమి. పులిసిన ద్రవమునుండి బుడగలు వచ్చినవి. వారము తిరుగునప్పటికి క్రొత్త చిగుళ్లు! మా సంతోషమునకు మేర లేదు. అయితే మొక్క పగలు మాత్రమే ఆ గాలిని గ్రహించును. రాత్రి తానును ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసుగాలినే విడుచును. సీసా మాత్రము రాత్రియు ఆగదు. ఒకనాటి తెల్లవాఱుజామున గప్పీచేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండెను. గొట్టము లాగివైచి, మూడవవంతు నీరు మార్చి, గాలియంత్రము పెట్టితిమి. అయినను రెండు దక్కలేదు. వానికి పేర్లు పెట్టినది మా చిన్నపాప; దానికి సమాధానము చెప్పుట మాకు తొట్టి కడుగుటకంటె కష్టమైనది.

అప్పటినుండి దీపమార్పుటకు గంట ముందుగా గొట్టమును వెలుపలికి తీసి, రాత్రియంతయు గాలియంత్రము నడుపుచున్నాము. సీసాను మాత్రము బిగించి మూయరాదు, పగులును. రంగు మారు ద్రవముగల చిన్న గాజుగుండు నొకదానిని తొట్టిలో వ్రేలాడదీసిన మేలు. నీలమైనచో వాయువు తక్కువ, ఆకుపచ్చయైనచో చాలినంత, పసుపైనచో చేపలకు ప్రమాదము.

అంగళ్లలో “ద్రవ కర్బనము” అను పేర నమ్మునది వేఱు వస్తువు. అందు సాధారణముగా నుండునది గ్లూటరాల్డిహైడ్. ఆస్పత్రులలో పనిముట్లను శుద్ధిచేయుటకు వాడునదియు నిదియే. చర్మమునకు, కండ్లకు హాని చేయును. వాలిస్నేరియా వంటి మొక్కలు దానివలన కరగిపోవుటయు కలదు. పసిపిల్లలున్న యింట దీని నుంచుట మాకు సమ్మతము గాదు.

ఇక నెరువు మాట. చేపల మలమునుండియు మేతనుండియు నత్రజని, భాస్వరము కొంత లభించును. పొటాషియము, ఇనుము తఱచు చాలవు. ముదురాకులకు చిన్న రంధ్రములు పడినచో పొటాషియము, లేజిగురు వెలవెలబోయినచో ఇనుము కొఱవడినవని తలంపవచ్చును. మోతాదులో సగముతో నారంభింపుడు. పొలమునకు చల్లు యూరియాను మాత్రము వేయకుడు. అది అమ్మోనియాగా మాఱి చేపలను చంపును.

ఇంత శ్రమ యెందుకందురా? అమెరికా దేశీయురాలు డయానా వాల్‌స్టాడ్ 1999లో ప్రకటించిన గ్రంథమున, అడుగున మట్టి పఱచి, వాయువు నెక్కింపకయే తొట్టిని నిర్వహించు మార్గము కలదు. మా రెండవ తొట్టి యట్టిదే. అంగుళము తోటమట్టిపై ఇసుక పోసి, హైడ్రిల్లా, వాలిస్నేరియా నాటితిమి. ఈ రెండును నీటిలోని బైకార్బొనేటునుండియు కర్బనమును గ్రహింపగలవు. దీపము ఎనిమిది గంటలే. పెరుగుదల మెల్లన, అయినను వారమున కొకమాఱు కత్తిరించిన తునకలు దోసెడు వచ్చుచున్నవి. వానిని పెరటిలోని కరివేపచెట్టు మొదట వేయుచున్నాము.