దుంగల బండికి ఫొటో

అమెరికా వాయవ్య మూలనున్న వాషింగ్టన్ రాష్ట్రపు అడవులలో 1890 నుండి 1940 వరకు కెమెరా మోసుకొని తిరిగినవాడు డేరియస్ కిన్సే. మహావృక్షాలను నరికే కూలీలు, వారి శిబిరాలు, నరికిన మానులను లాక్కుపోయే గూడ్సు బండ్లు అతనికి ప్రధాన వస్తువులు.

ఆ బండ్లు మనమెరిగిన గూడ్సు బండ్ల వంటివి కావు. చాలాచోట్ల వ్యాగనుకు అడుగుబల్లే ఉండదు. నాలుగేసి చక్రాల చట్టాలు రెండింటిపై మాను రెండు కొసలనూ ఆనించి గొలుసులతో బిగిస్తారు. అంటే సరుకే వ్యాగనుకు వెన్నెముక! దానిని లాగే ఇంజను కూడ వింతదే. మిచిగన్ కలప వ్యాపారి ఎఫ్రాయిమ్ షే 1881లో పేటెంటు పొందిన ఈ ఇంజనులో పళ్లచక్రాల ద్వారా చక్రాలన్నింటికీ శక్తి అందుతుంది. అందుకే నిటారైన ఎత్తులను, మెలికల దారులను అది అవలీలగా ఎక్కగలిగేది. సిలిండర్లు నిలువుగా కుడిప్రక్కన ఉంటాయి; బరువు సరితూగటానికి బాయిలరును ఎడమకు జరిపారు. ఎడమనుండి ఫొటో తీస్తే అసలు యంత్రమే కనిపించదు. ఫొటోగ్రాఫరు కుడివైపున చోటు వెదుక్కోవలసిందే.

అడవిలో అదేమంత సులభం? కిన్సే వాడిన ప్లేట్లలో 11×14 అంగుళాలవి సామాన్యం. ఆ బరువుతో మోడులపైకి ఎక్కేవాడు. చెట్ల నీడలో వెలుతురు చాలదు గనుక బండి ఆగాలి, దుంగలపై నిలిచినవారు కదలకుండా ఉండాలి. ఆ కూలీలే అతని ఖాతాదారులు; ఇంటికి పంపుకొనేందుకు ఫొటోలు కొనేవారు.

అయితే ఆ ఫొటోలు అతడొక్కడివే కావు. 1896లో అతనిని పెండ్లాడిన టాబితా ఇంటివద్ద చీకటిగదిలో నెగటివులు కడిగి, ప్రింట్లు వేసి, శిబిరాలకు పంపేది. కొండలెక్కిన శ్రమను అందరూ పొగిడారు గాని, ఈ శ్రమ వ్యాపారానికి సగం పునాది. ఫొటోల అడుగున మాత్రం డేరియస్ పేరే ఉండేది.

1940లో ఒక మోడుపైనుండి పడిన తరువాత అతడు మరల వృత్తిలోనికి రాలేదు, 1945లో మరణించాడు. టాబితా 1963 వరకు జీవించింది. ఈలోగా దుంగల రవాణా లారీలకు మళ్లింది. అడవిలోని పట్టాలను ఊడదీశారు. వేలాది కిన్సే నెగటివులు నేడు బెల్లింగ్‌హామ్ పట్టణంలోని వాట్‌కమ్ మ్యూజియంలో ఉన్నాయి. ఇంజను మీది కంపెనీ పేరును, నంబరును వాటిలో చదివి, ఏ బండి ఏ అడవిలో తిరిగిందో రైల్వే చరిత్రకారులు పోల్చుకుంటున్నారు.