లాగిన తీగ

కంచె పనిలో దెబ్బ అనగానే ముల్లు గీసుకోవడమే గుర్తొస్తుంది. ముల్లు కన్నా తీగ బిగువుతోనే ప్రమాదం ఎక్కువ. చుట్ట చుట్టిన ముళ్లతీగ అణచిపెట్టిన స్ప్రింగు లాంటిది. కట్టు కోయగానే కొస విదిలించుకుని ముఖం మీదికి లేస్తుంది. అందుకే ముందు కొసను మొదటి రాతి కడీకి కట్టేసి, చుట్ట మధ్యలో గడ్డపార దూర్చి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని నడుస్తారు. తోలు చేతితొడుగులు సరే, కళ్లద్దాలు ఇంకా ముఖ్యం.

బిగించిన తీగ తెగితే అది లాగిన వరుసలోనే వెనక్కి దూసుకొస్తుంది. ఆ వరుసలో ఎవరూ నిలబడకూడదు. బిగించే మనిషికీ తీగకూ మధ్య కడీ అడ్డముంటే మరీ మేలు. ట్రాక్టరుకు కట్టి లాగడం నాకు నచ్చదు. చేతికి తెలిసే బిగువు చక్రానికి తెలియదు.

గుచ్చుకుంటే ‘తుప్పు పట్టిన ముల్లు’ అని భయపడతాం. కానీ ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి సోకని లోతైన గాయంలో పెరుగుతుంది. కాబట్టి గాయం చిన్నదైనా సబ్బుతో కడిగి, టీకా ఎప్పుడు వేయించుకున్నామో గుర్తు లేకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడడుగుల పొడవు, అయిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న రాతి కడీ సుమారు 70 కిలోలు తూగుతుంది. ఒక్కడే ఎత్తే బరువు కాదు. తీసిన గుంతలను రాత్రికి మూసేయాలి. పాత పొదలోకి చేయి పెట్టేముందు కర్రతో కదపాలి. పాములూ తేళ్లూ అక్కడే చేరతాయి.

ఇక కరెంటు. కంచె తీగను కరెంటు స్తంభానికో, దాన్ని పట్టి ఉంచే స్టే తీగకో కట్టొద్దు. తీగ పొలం చుట్టూ తిరుగుతుంది కనుక, ఒక మూల విద్యుత్తు సోకితే ఎదుటి మూలన పట్టుకున్నవాడికి తగులుతుంది. అడవిపందుల కోసం మోటారు లైన్ నుంచి నేరుగా కంచెకు కరెంటు పెట్టడం నేరం. చీకట్లో స్విచ్ సంగతి మరిచి, పెట్టిన రైతే దానికి బలైన ఘటనలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుని పట్టిన చేయి వదలదు. సోలార్ కంచె యంత్రం ఇంచుమించు సెకనుకొకసారి, రెప్పపాటు కన్నా తక్కువసేపు మాత్రమే షాక్ ఇస్తుంది. ఆ మధ్య విరామంలో చేయి వెనక్కి తీసుకోవచ్చు. అయితే దానికి నున్నటి తీగే వాడాలి. ముళ్లతీగకు పెడితే చొక్కా చిక్కుకున్నవాడికి ఆ విరామం చాలదు.