శవపరీక్షలో కాలేయం చెప్పే సాక్ష్యం

అనుమానాస్పద స్థితిలో మనిషి మరణిస్తే ప్రభుత్వాసుపత్రి శవాగారం వద్ద బంధువుల నిరీక్షణ మొదలవుతుంది. పోస్టుమార్టం ముగిసినా మరణ కారణంపై తుది అభిప్రాయం వెంటనే వెలువడదు. అవయవ భాగాలను పరీక్షకు పంపామన్న సమాధానమే తరచూ ఎదురవుతుంది. ఈలోగా 'తాగి తాగి పోయాడు' అన్న మాట ఊరంతా పాకిపోతుంది. ఇంతకీ పరీక్షకు వెళ్లిన ఆ కాలేయపు ముక్క ఏం చెప్పగలదు? ఏది చెప్పజాలదు?

రెండు సీసాలు.. రెండు పరీక్షలు

విషప్రయోగంపై అనుమానముంటే కాలేయంలో కొంత భాగాన్ని సంతృప్త ఉప్పు ద్రావణంలో ఉంచి పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. వ్యాధి నిర్ధారణ కోసమైతే చిన్న ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో భద్రపరచి పాథాలజీ విభాగానికి పంపుతారు. మొదటిది విషాన్ని వెతికే పరీక్ష, రెండోది వ్యాధిని వెతికే పరీక్ష. ఒకదానికి బదులు మరో ద్రావణం వాడితే ఫలితం తారుమారవుతుంది.

ఫార్మలిన్‌లో గట్టిపడిన ముక్కను మైనంలో అమర్చి 4 నుంచి 5 మైక్రాన్ల మందంతో పొరలుగా కోస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పొరలకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు.

ఏమేం కనిపిస్తాయి?

కొవ్వు పేరుకున్న కాలేయం పసుపు వర్ణంలో జిడ్డుగా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో దాని కణాల లోపల గుండ్రని ఖాళీలు కనిపిస్తాయి. వ్యాధి ముదిరితే మచ్చ కణజాలం వలలా అల్లుకొని కాలేయం గడ్డలు కడుతుంది. ఇదే సిరోసిస్. ఫ్రాన్స్ వైద్యుడు లెనెక్ 1819లో ఈ పేరు పెట్టారు. గుండె బలహీనమై రక్తం నిలిచిపోయిన కాలేయాన్ని కోస్తే జాజికాయను కోసినట్లు ఉంటుంది. అంటే గుండెజబ్బు ఆనవాలు సైతం ఇక్కడ దొరుకుతుంది.

పసుపు భాస్వరం కలిసిన ఎలుకల మందు మింగినవారు తొలి ఒకటి, రెండు రోజులు కుదుటపడినట్లే ఉండి, ఆ తర్వాత కాలేయం దెబ్బతిని మరణించే ప్రమాదముంది. అటువంటి మృతుల కాలేయంలో కణాలు నశించిన తీరు దర్యాప్తునకు కీలకమవుతుంది.

మద్యమే కారణమా?

సిరోసిస్ కనిపించినంత మాత్రాన మద్యమే కారణమని తేల్చడం పొరపాటు. హెపటైటిస్-బి, సి వైరస్‌లు, మధుమేహం, ఊబకాయం కూడా ఇందుకు దారితీస్తాయి. మద్యం వల్ల, మధుమేహం వల్ల కలిగే కొవ్వు మార్పులు సూక్ష్మదర్శినిలో దాదాపు ఒకేలా ఉంటాయి. పైగా కాలేయంలో జబ్బు ఉన్నంత మాత్రాన మృతికి అదే కారణం కానవసరం లేదు. కాబట్టి కణజాల నివేదికను మృతుని ఆరోగ్య చరిత్ర, రసాయన పరీక్ష, ఇతర అవయవాల స్థితితో కలిపి చూసిన తర్వాతే వైద్యులు తుది అభిప్రాయమిస్తారు.

కుటుంబ సభ్యులు ఏం చేయాలి?

మరణించిన వెంటనే కాలేయ కణాలు వాటంతటవే కరగడం ప్రారంభిస్తాయి. వేసవిలో ఇది మరింత వేగంగా జరుగుతుంది. కుళ్లిన కాలేయం వాయు బుడగలతో తేనెపట్టులా మారి పరీక్షకు పనికిరాకుండా పోతుంది. అందుచేత సమాచారమివ్వడంలో జాప్యం తగదు. శవపంచనామా సమయంలో పాత మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు అందజేయాలి. మద్యం అలవాటు ఉంటే దాచరాదు, లేకుంటే ఆ విషయమూ స్పష్టంగా నమోదు చేయించాలి.

నివేదిక రాగానే పనైపోయిందని భావించరాదు. కాలేయ వ్యాధి చాలాకాలం ఏ లక్షణమూ లేకుండానే పెరుగుతుంది. మృతునికి హెపటైటిస్-బి ఉన్నట్లు తేలితే భార్యాపిల్లలు, తోబుట్టువులు రక్తపరీక్ష చేయించుకోవాలి. వైరస్ సోకనివారికి టీకా రక్షణనిస్తుంది, సోకినవారికి చికిత్స ఉంది. పోయిన మనిషి తిరిగిరాకున్నా, ఆ నివేదిక చదివి మేల్కొంటే అదే ఇంట మరో ప్రాణం నిలుస్తుంది.