అరకు ఘాట్‌కు పిక్నిక్ వెళ్తున్నారా? తేనెటీగలు లేస్తే పరుగెత్తాలి.. పాము కరిస్తే కదలకూడదు!

శృంగవరపుకోట: కార్తీక మాసం వచ్చిందంటే చాలు.. విజయనగరం జిల్లా ఎస్.కోట మీదుగా వెళ్లే అరకు రోడ్డు వాహనాలతో కిటకిటలాడుతుంది. పుణ్యగిరి కొండ, తాటిపూడి రిజర్వాయర్, అనంతగిరి, కటికి జలపాతం, బొర్రా గుహలు.. ఎక్కడ చూసినా పిక్నిక్ బ్యాచ్‌లే. సంక్రాంతి వరకూ ఇదే సందడి. అయితే చెట్టు కింద పొయ్యి పెట్టడం, గడ్డిలో దుప్పటి పరుచుకోవడం, రాత్రికి టెంట్ వేసుకోవడం.. ఇవన్నీ తేనెటీగలు, పాములు, తేళ్లు తిరిగే చోట్లే జరుగుతాయి.

ఘాట్‌లో ఏదైనా జరిగితే కిందికి ఎస్.కోట రావాలి, లేదంటే పైకి అరకు వెళ్లాలి. మధ్యలో అంతా మలుపుల రోడ్డు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు. అందుకే ఏది కరిస్తే ఏం చేయాలో బయలుదేరే ముందే తెలిసుండాలి. ఎందుకంటే తేనెటీగల నుంచి కాపాడే పరుగే పాము కాటు విషయంలో ప్రాణం మీదకు తెస్తుంది.

పొయ్యి వెలిగించే ముందు తలెత్తి చూడండి

కొండ రాళ్లకు, ఎత్తైన చెట్ల కొమ్మలకు వేలాడే పెద్ద పెద్ద పట్టులు కొండ తేనెటీగలవి. వాటి జోలికి వెళ్లకపోతే సాధారణంగా అవీ మన జోలికి రావు. పొగ తగిలినా, ఎవరైనా రాయి విసిరినా, పక్కన బాణసంచా కాల్చినా మాత్రం గుంపుగా లేస్తాయి. వంట పెట్టే చోట పైన పట్టు ఉందేమో, పొగ ఎటు పోతోందో ముందే చూసుకోవాలి.

ఒక తేనెటీగ కుట్టగానే అక్కడ ఒక రకమైన వాసన విడుదలవుతుంది. మిగతావన్నీ ఆ వాసన పట్టుకుని అదే మనిషి మీదకు వస్తాయి. కొట్టి చంపినా ఇదే జరుగుతుంది. కాబట్టి చేతులు ఊపకుండా, ముఖం, తల కప్పుకుని కారులోకో, గదిలోకో పరుగెత్తాలి. అద్దాలు, తలుపులు మూసేయాలి. నీళ్లలోకి దూకడం పరిష్కారం కాదు. ఊపిరి కోసం తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి. రిజర్వాయర్ లాంటి చోట మునిగిపోయే ప్రమాదం అదనం.

సురక్షితమైన చోటికి చేరాక ముళ్లను గోరుతో గీకి తీసేయాలి. ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, కళ్లు తిరిగినా అది అలర్జీ. వెంటనే ఆస్పత్రిలో అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. కొందరికి ఒక్క కాటు చాలు. పదుల సంఖ్యలో కుడితే మాత్రం బాగానే ఉన్నట్టు అనిపించినా డాక్టర్‌కు చూపించాల్సిందే. ఆ విషం తర్వాతి రోజుల్లో కిడ్నీలను దెబ్బతీయొచ్చు.

పాము కరిస్తే.. ఒక్క అడుగు కూడా నడిపించొద్దు

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.. ఈ నాలుగింటి విషానికీ ఒకటే విరుగుడు ఇంజెక్షన్. డాక్టర్లు లక్షణాలను, రక్తం గడ్డకట్టే తీరును చూసి దాన్ని ఇస్తారు. కాబట్టి పామును పట్టుకోవడానికో, చంపి తేవడానికో వెళ్లొద్దు. ఆ ప్రయత్నంలో రెండో మనిషి కాటు తినే ప్రమాదం ఉంది.

కరిచిన మనిషిని కూర్చోబెట్టాలి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, వాచీ తీసేయాలి. విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర ముక్క పెట్టి, కాలు లేదా చెయ్యి కదలకుండా చూడాలి. బిగించి తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం.. ఇవేవీ చేయొద్దు. కరిచిన టైమ్ గుర్తుపెట్టుకోండి. సొంత వాహనం ఉంటే అందులోనే బయలుదేరి, దారిలో 108కు ఫోన్ చేసి ఇంజెక్షన్ ఏ ఆస్పత్రిలో ఉందో కనుక్కోండి. బైక్ తప్ప వేరే దారి లేకపోతే బాధితుణ్ని మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఇంకొకరు పట్టుకోవాలి.

టెంట్లలో పడుకునేవారు కట్లపాముతో మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇది రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. టెంట్ జిప్ ఎప్పుడూ మూసి ఉంచాలి. బయటికొస్తే టార్చి తప్పనిసరి.

ఈ కొండల్లో గిరినాగు కూడా ఉంది. మనుషులకు దూరంగా పోయే పాము ఇది. అయితే మనకు దొరికే విరుగుడు దీని విషానికి తయారుచేసింది కాదు. కనిపిస్తే వీడియో కోసం దగ్గరికి వెళ్లకుండా అటవీ శాఖకు సమాచారం ఇవ్వాలి.

ఎర్ర తేలు.. పిల్లలకు ప్రమాదం

రాళ్ల కింద, ఎండు కట్టెల్లో తేళ్లు ఉంటాయి. పొయ్యికి రాళ్లు ఏరేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడాలి. విప్పిన బూట్లను దులిపి వేసుకోవాలి. చూడ్డానికి భయపెట్టే నల్ల మండ్రగబ్బ కంటే చిన్నగా ఉండే ఎర్ర తేలే ప్రమాదకరం. కుట్టాక చెమటలు పట్టడం, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, గుండెదడ ఉంటే గుండెపై ప్రభావం పడుతున్నట్టే. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రాజోసిన్ అనే బీపీ మందుతో ఇలాంటి వారిని కాపాడొచ్చని చూపించారు. ఆ మందు డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. మంత్రం వేయించుకుంటూ గంటలు పోగొట్టుకోవద్దు.

కోతులకు తిండి పెట్టొద్దు

ఘాట్ రోడ్డులో, బొర్రా దగ్గర కోతులకు చేత్తో అరటిపండు, చిప్స్ ఇవ్వడం చాలామందికి సరదా. కోతి కరిచినా, గోళ్లతో రక్కినా ఆ గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగాలి. అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

ఇంటికొచ్చాక జ్వరం వస్తే..

గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. 2025 చివర్లో విజయనగరం సహా పలు జిల్లాల్లో ఈ కేసులు కలకలం రేపాయి. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. వారం నుంచి మూడు వారాల లోపు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకల్లో, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉందేమో చూడాలి. అందరికీ మచ్చ ఉండకపోవచ్చు. డాక్సీసైక్లిన్ లాంటి మందులు సకాలంలో పడితే తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఏజెన్సీలో మలేరియా కూడా ఎప్పటినుంచో ఉంది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకుని, దోమల క్రీమ్ రాసుకుంటే ఈ రెండింటినీ చాలావరకు తప్పించుకోవచ్చు. గడ్డి మీద నేరుగా పడుకోకుండా మందపాటి పట్టా వేసుకోవాలి. తిరిగొచ్చాక స్నానం చేసి బట్టలు ఉతికేయాలి. నెల లోపు జ్వరం వస్తే డాక్టర్‌కు ముందుగా చెప్పాల్సిన మాట ఒక్కటే.. "ఏజెన్సీకి వెళ్లొచ్చాం" అని. ఏ పరీక్ష చేయాలో వారికి వెంటనే తెలిసేది ఆ ఒక్క మాటతోనే.