ఈదీ సొమ్ముతో కొన్న బొమ్మ సురక్షితమేనా?

ఈదుల్ ఫిత్ర్ నాడు పిల్లల చేతిలో పడిన ఈదీ సొమ్ములో అధిక భాగం సాయంత్రానికి బొమ్మల కొట్టుకు చేరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం బజార్లలోనైనా, పల్లె సంతలోనైనా జరిగేది ఇదే. గుడ్డను వేళ్లతో తడిమి చూసే తల్లి, బియ్యాన్ని అరచేతిలో పోసుకొని పరీక్షించే తండ్రి బొమ్మ దగ్గర మాత్రం ధర ఒక్కటే అడుగుతారు. కొద్దిసేపటికే అది ఇంట్లోని పసిబిడ్డ నోటిలోకి వెళ్లగలదన్న సంగతి ఆ క్షణంలో స్ఫురించదు.

దిగుమతి అయిన బొమ్మలను క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పరీక్షించగా, సుమారు 67 శాతం నమూనాలు భద్రతా ప్రమాణాలకు నిలబడలేదని 2019లో వెల్లడైంది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వును జారీ చేసింది. అది 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకొనే బొమ్మ ఏదైనా, స్వదేశంలో తయారైనా విదేశం నుండి వచ్చినా, ఐ.ఎస్.ఐ. ముద్రతోనే అమ్ముడుపోవాలి. ఆ ముద్ర వేసే ముందు బొమ్మ అంచుల పదును, విరిగి ఊడే భాగాలు, మంట అంటుకొనే తీరు పరీక్షిస్తారు. రంగులోనుండి సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి హానికర మూలకాలు ఎంత మేరకు బయటికి వస్తాయో కూడా చూస్తారు.

అయితే ముద్ర కనబడితే చాలదు, దానిని చదవాలి. ముద్రకు పైన ప్రమాణ సంఖ్య ఉంటుంది. సాధారణ బొమ్మలకు అది 9873, బ్యాటరీతో లేదా విద్యుత్తుతో నడిచే వాటికి 15644. ముద్రకు క్రింద సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని ముద్ర సంతకం లేని చెక్కు వంటిది. ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ సంఖ్యను నమోదు చేస్తే లైసెన్సు ఎవరిదో, చెల్లుబాటులో ఉన్నదో లేదో తెలుస్తుంది. కొన్ని డబ్బాలపై కనిపించే సి.ఇ. అనే ముద్ర ఐరోపా విపణికి సంబంధించినది. మన దేశంలో అది ఐ.ఎస్.ఐ.కి ప్రత్యామ్నాయం కాదు. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం కూడా డబ్బా మీద ఉండవలసినవే.

అన్నింటికన్నా ఎక్కువగా అపార్థానికి గురయ్యేది వయస్సు హెచ్చరిక. "3 సంవత్సరాల లోపు పిల్లలకు తగదు" అన్న మాటను చాలామంది బిడ్డ తెలివితేటలకు కొలమానంగా భావిస్తారు. "మావాడు చురుకైనవాడు, రెండేళ్లకే ఆడుకుంటాడు" అని సంతోషంగా కొంటారు. ఆ హెచ్చరిక తెలివిని గూర్చినది కాదు, గొంతును గూర్చినది. చిన్న భాగాల పరీక్షకు వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం వెడల్పు 27 మిల్లీమీటర్లు. అంటే ఆ నాణెం కన్నా కాస్త పెద్దదైన ముక్క కూడా పసిబిడ్డ ఊపిరికి అడ్డుపడగలదు.

దాదా, దాదీ, పెదనాన్న, చిన్నాన్నల పిల్లలతో కళకళలాడే ఇళ్లలో ఈ విషయం మరింత ముఖ్యం. ఎనిమిదేళ్ల అన్నకు కొన్న బొమ్మ పది నెలల చెల్లెలి చేతికి చేరకుండా ఉండదు. కాబట్టి వయస్సు హెచ్చరికను ఎవరికోసం కొంటున్నామో ఆ బిడ్డను బట్టి గాక, ఇంట్లోని అందరికంటే చిన్న బిడ్డను బట్టి చదవాలి.

గుండీ బ్యాటరీలు, బలమైన అయస్కాంతాలు మరింత ప్రమాదకరం. మింగిన గుండీ బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటలలోపే అక్కడి కణజాలాన్ని కాల్చివేయగలదు. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగు గోడలను మధ్యలో ఇరికించి ఒకదానినొకటి ఆకర్షించుకొని రంధ్రం చేయగలవు. అనుమానం కలిగితే వాంతి చేయించే ప్రయత్నం మాని, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బ్యాటరీ గది మూత స్క్రూతో బిగించి ఉన్నదో లేదో కొనే ముందే చూడాలి.

మరి ఐ.ఎస్.ఐ. ముద్ర లేని బొమ్మలన్నీ అక్రమమేనా? కాదు. మన పొరుగున అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఇందుకు ఉదాహరణ. అక్కడి చేతివృత్తుల వారు అంకుడు కర్రకు లక్క పూసి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజమైన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. హస్తకళల విభాగంలో నమోదైన కళాకారుల బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు కింద నమోదైన వారు చేసిన బొమ్మలకూ 2020 డిసెంబరులోనే ముద్ర నుండి మినహాయింపు ఇచ్చారు. అయితే "ఏటికొప్పాక" అన్న పేరు చెప్పి అమ్మే ప్రతి వస్తువుకూ ఆ మినహాయింపు వర్తించదు. ఎవరు చేశారో, ఏ రంగు వాడారో అడిగి తెలుసుకోవాలి. మినహాయింపు ముద్రకే గాని పరిమాణానికి కాదు. చక్కని లక్క పిడత కూడా చిన్నదైతే పసిబిడ్డకు ప్రమాదమే.

మన కుటుంబాలలో చిల్లర వర్తకులు అనేకులు ఉన్నారు. ముద్ర లేని సరుకు టోకు ధరకు చౌకగా దొరుకుతుంది. దానిని తిరస్కరిస్తే పండుగ బేరం కొంత తగ్గవచ్చు కూడా. కానీ లోపాన్ని దాచి అమ్మిన రాబడిలో మేలు లేదన్నది మనకు కొత్తగా నేర్పవలసిన పాఠం కాదు. లైసెన్సు సంఖ్య ఉన్న సరుకునే పంపమని టోకు వ్యాపారిని కోరాలి. కొనుగోలుదారులు బిల్లు అడిగి తీసుకోవాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు.

బిడ్డలు మనకు అప్పగింపబడిన అమానత్. కొట్టు ముందు బొమ్మను త్రిప్పి చూసి నాలుగు పంక్తులు చదవడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఈసారి ఈదీ ఇచ్చే దాదా, నానీలు ఆ నిమిషాన్ని కూడా పిల్లలతో గడిపి, లైసెన్సు సంఖ్యను వారి చేతనే చదివించగలిగితే, ఆ అలవాటు వారితోపాటు పెరుగుతుంది.