బొమ్మల సినిమాకి బామ్మ కూడా వచ్చింది!

ఉప్పల్ – నాచారం ప్రేక్షకులతో పిచ్చాపాటీ

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఏ ఆదివారం పొద్దున చూసినా ఒకటే సందడి. యాదగిరిగుట్ట బస్సు కోసం ఎదురుచూసే కుటుంబాలు, చేతుల్లో కొబ్బరికాయల సంచులు, చంకల్లో పిల్లలు! గుట్ట మీది నరసింహస్వామిని చూడాలంటే ఈ ప్రాంతం వాళ్ళు బస్సెక్కి వెళ్ళాల్సిందే. అలాంటిది 2025 జూలై 25న స్వామివారే కొండ దిగి సినిమా హాలుకి వచ్చేశారు... బొమ్మ రూపంలో!

అదేనండీ, 'మహావతార్ నరసింహ'. పేరున్న హీరో లేడు, డాన్సులు లేవు. దర్శకుడు అశ్విన్ కుమార్ పేరు అంతకుముందు మన ప్రేక్షకుల్లో చాలామంది విని ఉండరు. 'కె.జి.ఎఫ్.' తీసిన హోంబలే ఫిలిమ్స్ సమర్పించింది, తెలుగులో గీతా ఆర్ట్స్ విడుదల చేసింది. ఆట ఆటకీ జనం పెరిగి, మన దేశంలో తయారైన బొమ్మల చిత్రాలన్నిట్లోకీ ఎక్కువ వసూలు చేసిన చిత్రంగా నిలిచింది. వసూళ్ళు మూడు వందల కోట్లు దాటాయని ట్రేడ్ వర్గాల లెక్క!

మరి ఆ జనం ఎవరు? ఎందుకు వచ్చారు? మళ్ళీ వస్తారా? విమర్శకుల మాట కాసేపు పక్కన పెట్టి, శుక్రవారం మొదటాట కోసం ప్రాణం పెట్టని మామూలు ప్రేక్షకులనే అడుగుదామనిపించింది. "ఈమధ్య ఇంటిల్లిపాదీ కలిసి చూసిన మాయల సినిమా ఏది? ఎలా ఉంది?" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ఉప్పల్, నాచారం వీధుల్లో తిరిగాను. జవాబులు మాత్రం ఒక్కటి కాదు!

నానమ్మకి తెలిసిన కథ

చిలకానగర్‌లో అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఒక పెద్దావిడ దగ్గర మొదలెట్టాను. ఆవిడ సినిమా హాలు మొహం చూసి ఏళ్ళయిందట.

"బొమ్మల సినిమా అని మనుమడు పిలిస్తే నాకెందుకు పొమ్మన్న బిడ్డా. ప్రహ్లాదుని కథ అన్నడు. లేచి చీర కట్టుకున్న!" అని నవ్విందావిడ.

ఎలా ఉందమ్మా అంటే కాస్త ఆలోచించింది. "రంగారావు లెక్క నవ్వలే గని, కంభం పలిగినప్పుడు చేతులు జోడిచ్చిన. గుట్ట మీద లైన్ల నిలబడితే మోకాళ్ళ నొప్పి. ఈడ కూసోనే దర్శనం చేసుకున్న."

ఆవిడ చెప్పిన రంగారావు ఎవరో సినిమా ప్రియులకి వేరే చెప్పక్కర్లేదు. 1967లో ఏ.వి.ఎం. వారు తీసిన 'భక్త ప్రహ్లాద'లో ఎస్.వి. రంగారావు గారి హిరణ్యకశిపుడు, బేబీ రోజారమణి ప్రహ్లాదుడు! అంతకుముందు 1942లోనూ ఈ కథ తెరకెక్కింది. అసలు 1932లో హెచ్.ఎం. రెడ్డి గారి దర్శకత్వంలో మన తెలుగు వెండితెర తొలిసారి నోరు విప్పింది కూడా ప్రహ్లాదుడి కథతోనే కదా! టాకీ పుట్టిన నాడు జనాన్ని లాక్కొచ్చిన కథే తొంభై మూడేళ్ళ తర్వాత కంప్యూటర్ బొమ్మలతో మళ్ళీ లాక్కొచ్చింది. కథ తెలిసినదైతే నానమ్మకి బొమ్మలు కొత్తయినా బెదురుండదు. మనవడికి బొమ్మలు తెలిసినవైతే కథ కొత్తయినా బెదురుండదు. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చున్నారంటే గుట్టు అదే!

లైటు ఆర్పొద్దన్న బుజ్జిగాడు

అందరూ చేతులు జోడించారనుకోకండి. నాచారం హెచ్.ఎం.టి. నగర్‌లో ఒక స్కూలు టీచరమ్మ నన్ను గట్టిగానే నిలదీసింది. ఆవిడ కొడుక్కి ఆరేళ్ళు. చివరి ఘట్టం మొదలవగానే వాడు తల్లి చున్నీలో మొహం దాచుకున్నాడట. రెండు రాత్రులు గదిలో లైటు ఆర్పనివ్వలేదట.

"బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమా అనుకుని పోయినం. దేవుడి సినిమా అయినా సరే, చిన్నపిల్లలకు అంత రక్తం అవసరమా అన్నా?" అన్నది ఆవిడ ప్రశ్న.

పక్కనే ఉన్న భర్త ఒప్పుకోలేదు. "మనం చిన్నప్పుడు దయ్యాల సినిమాలు చూసి పెరగలేదా? చెడ్డోడికి శిక్ష పడ్డదని వానికి తెల్వద్దా?" అన్నాడు. ఆలుమగల వాదన నా ముందే పది నిమిషాలు నడిచింది! 1978లో బి. విఠలాచార్య గారి 'జగన్మోహిని' చూసి దుప్పటి కప్పుకున్న తరం ఆయన వైపు ఉండొచ్చు. కానీ ఆనాటి దయ్యానికీ ఈనాటి దయ్యానికీ తేడా ఉంది. ఆనాటిది అట్టముక్క అని సగం తెలుస్తూనే ఉండేది. ఈనాటిది చెవి పక్కనే గర్జిస్తుంది!

ఈ సందర్భంలో తల్లిదండ్రులకి పనికొచ్చే సంగతి ఒకటి. 2024 నవంబరు నుంచి సెన్సారు వారి 'యు.ఎ.' సర్టిఫికెట్టు మూడు ముక్కలైంది: 7+, 13+, 16+. ఆ వయసు దాటని పిల్లల్ని తీసుకెళ్ళేముందు పెద్దలు ఆలోచించుకోవాలని దాని అర్థం. గేటు దగ్గర ఎవరూ ఆపరు. నిర్ణయం మనదే! టికెట్టు కొనేముందు ఆ అంకె ఎప్పుడైనా చూశారా అని నేనడిగితే, ఆలుమగలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడొక్కచోటే!

కోతి గెలిచింది, కారు అలిసింది

ఇక మన తెలుగువాళ్ళు తీసిన మాయల సినిమాల సంగతి. రామంతాపూర్ నుంచి ట్యూషన్‌కి వచ్చే ఎనిమిదో తరగతి పిల్లల గుంపుని పట్టుకున్నాను. 'హనుమాన్' పేరెత్తగానే నలుగురూ ఒకేసారి మాట్లాడారు. 2024 జనవరి 12న, మహేష్‌బాబు 'గుంటూరు కారం' వచ్చిన రోజే వచ్చిన చిత్రమిది. ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జా హీరో. పెద్ద సినిమాకి ఎదురొడ్డి నిలబడ్డ సంగతి వీళ్ళకి పట్టదు. వీళ్ళకి నచ్చింది రవితేజ గొంతుతో మాట్లాడే కోతి! "హీరో మనలెక్కనే ఉంటడు అన్నా. పవర్ వచ్చినంక కూడా మనలెక్కనే ఉంటడు" అన్నాడు ఒకడు. అంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు.

'కల్కి 2898 ఎ.డి.' (2024 జూన్ 27) దగ్గరికి వచ్చేసరికి గుంపు రెండుగా చీలింది. కీర్తి సురేష్ గొంతు పలికిన బుజ్జి కారు అందరికీ ఇష్టమే. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ కనిపించినప్పుడల్లా ఈలలేశారట. కానీ కథ చెప్పమంటే ఇద్దరు తడబడ్డారు. "మా నాన్నకు కూడా సగమే సమజైంది" అని ఒకమ్మాయి ధైర్యంగా ఒప్పుకుంది. 2025 సెప్టెంబరు 12న వచ్చిన 'మిరాయ్' కాస్త నయమట. తొమ్మిది గ్రంథాలు, వాటి వెంటపడే విలన్‌గా మంచు మనోజ్, వాటిని కాపాడే కుర్రాడు... కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సంపాతి పక్షి ఎగిరి వచ్చే ఘట్టం గురించి చెబుతూ ఒకడు రోడ్డు మీదే రెండు చేతులూ చాచి చూపించాడు!

అదే రోజు మరో సినిమా కూడా తెలుగులో విడుదలైంది. జపాన్ వారి బొమ్మల చిత్రం 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్'. మెట్రో స్టేషన్ కింద చాయ్ తాగుతున్న ఇంటర్ కుర్రాళ్ళకి అదే ఆ ఏటి పెద్ద పండుగ! "ఇంట్లో వాళ్ళను తీస్కపోయిన్రా?" అంటే ఫక్కున నవ్వారు. "మా డాడీ ఎవడ్రా ఆ కత్తిగాడు అంటడు అన్నా!" బొమ్మలన్నీ ఇంటిల్లిపాదికీ కావు. పిల్లలకని తీసేవి కొన్ని, కుర్రకారు కోసం తీసేవి కొన్ని. ఈ తేడా ఆ కుర్రాళ్ళకి బాగా తెలుసు. తెలియంది పెద్దలకే!

తెలుగులో మాట్లాడే సింహం

డి.ఎస్.ఎల్. మాల్ దగ్గర ఒక కుటుంబం కనిపించింది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ. వాళ్ళు కలిసి చూసి నవ్వుకున్న సినిమా 'ముఫాసా'నట. 2024 డిసెంబరు 20న వచ్చిన ఆ హాలీవుడ్ చిత్రంలో ముఫాసాకి మహేష్‌బాబు గొంతిచ్చారు. పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ! 2019లో వచ్చిన 'ది లయన్ కింగ్'లోనూ ఈ జంట గొంతులే వినిపించాయి. అప్పుడు సింబా గొంతు నానిది.

"పిల్లలు ఇంగ్లీషుల చూద్దమన్నరు. మా అమ్మకెట్ల తెలుస్తది? తెలుగు ఆట దొరికేదాక రెండు రోజులాగినం" అన్నాడు ఆ ఇంటి పెద్ద. అమ్మమ్మ అందుకుంది: "పంది మాట్లాడుతుంటే బ్రహ్మానందం మొకమే కనవడ్డది!"

చూడ్డానికి చిన్న విషయమే. కానీ ఇంగ్లీషు మీడియం మనవడూ, తెలుగు తప్ప మరోటి తెలియని అమ్మమ్మా ఒకే చోట ఒకేసారి నవ్వే సందర్భాలు ఈ రోజుల్లో ఇంట్లోనే తక్కువ. డబ్బింగు సినిమా అని మనం తేలిగ్గా తీసేసేది ఆ రెండు గంటలూ ఇద్దరి మధ్యా దుబాసీ పని చేసిందన్నమాట!

నలుగురం పోతే వెయ్యి!

నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వస్తున్న ఒక కార్మికుడు సినిమా బాగోగుల దాకా వెళ్ళనే లేదు. "మంచి సినిమానే కావొచ్చు సార్. మాల్‌ల నలుగురం పోతే టికెట్లకే వెయ్యి దాటుతది. పాప్‌కార్న్ కావాలె అంటరు పిల్లలు. గందుకే ఏడాదికి ఒకటో రెండో. అది గూడ ముందు పక్కింటోళ్ళు చూసొచ్చి మంచిగుంది అంటేనే!"

ఈ మాట మీద నిర్మాతలు కాస్త ఆగాలి. ఈయనకి పోస్టరూ టీజరూ లెక్కలోకి రావు. పక్కింటి పిల్లవాడు ఇంటికొచ్చి ఏం చెప్పాడన్నదే లెక్క. 'మహావతార్ నరసింహ'కి వారాలు గడిచే కొద్దీ జనం పెరగడానికి కారణం ఈయన లాంటివాళ్ళే. ఏడాదికి రెండుసార్లు మాత్రమే వచ్చే ఈ ప్రేక్షకుడు ఒక్కసారి మోసపోయాననుకుంటే మళ్ళీ ఏడాది దాకా రాడు!

ఈయన ఆ ఏడు చూసిన ఇంకో సినిమా ఏదో తెలుసా? 'జగదేకవీరుడు అతిలోకసుందరి'! 1990 మే 9న వచ్చిన ఆ చిత్రం సరిగ్గా ముప్ఫై అయిదేళ్ళకి, 2025 మే 9న త్రీడీ హంగులతో మళ్ళీ విడుదలైంది. "చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూసోని చూసిన. నా కొడుకును నేను తీస్కపోయిన" అని చెబుతున్నప్పుడు ఆయన మొహంలో షిఫ్టు అలసట కనిపించలేదు.

స్టూడియో మన గడపలోనే!

నాచారంలో నిలబడి మాయల సినిమా గురించి మాట్లాడుతూ ఒకాయన్ని తలుచుకోకపోతే తప్పే. 1957 నాటి 'మాయాబజార్'లో శ్రీకృష్ణుడై నవ్విన నందమూరి తారక రామారావు గారు 1976లో రామకృష్ణా స్టూడియో కట్టింది ఈ నాచారంలోనే! 'మాయాబజార్'లో ఘటోత్కచుడు లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరొస్తుంటే మూడు తరాలు కలిసి నవ్వాయి. కె.వి. రెడ్డి గారి చేతిలో, మార్కస్ బార్ట్లే గారి కెమెరాలో కంప్యూటర్లు లేవు. ముసలమ్మకీ పసివాడికీ ఒకేసారి అర్థమయ్యే కథ ఉంది.

ఇప్పుడు పనివాళ్ళకీ మనకి కొదవ లేదు. దేశంలోని పిల్లలందరికీ తెలిసిన ఛోటా భీమ్ 2008లో టీవీకెక్కింది హైదరాబాదు నుంచే. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ఈ ఊరిదే. 2012లో రాజమౌళి గారి 'ఈగ'ని బతికించిన గ్రాఫిక్సు పని హైదరాబాదులోని మకుట సంస్థది. చేతులున్నాయి, యంత్రాలున్నాయి, కథలు అటకల మీద మూలుగుతున్నాయి. అయినా తెలుగులో పుట్టి, తెలుగు పిల్లల కోసమే తయారై హాళ్ళని నింపిన పెద్ద బొమ్మల చిత్రం చెప్పమంటే తడుముకోవాల్సిందే!

తిరిగినంత మేరా నేను విన్నది ఇదీ. గ్రాఫిక్సు బాగాలేదని ఇల్లు కదలనివాళ్ళు నాకు తగల్లేదు. నడకలో బొమ్మ బిగుసుకుందని ఒకరిద్దరు ఇంజనీరింగు కుర్రాళ్ళు అన్నారు. అన్నవాళ్ళే రెండోసారి కూడా చూశారు! జనం అడిగేవి మూడే. కథ సమజ్ కావాలి. పసివాడు జడుసుకోకూడదు. జేబు చిరగకూడదు. ఈ మూడూ కుదిరితే మాల్ ఎస్కలేటరు ఎక్కడానికి భయపడే నానమ్మ కూడా మనవడి చెయ్యి పట్టుకుని వస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఉప్పల్ మెట్రో వంతెన కింద ఒక దృశ్యం. నాలుగేళ్ళ బుడతడొకడు మెట్రో స్తంభాన్ని బుల్లి పిడికిలితో కొడుతూ, "ఇందుల ఉన్నడా? ఇందుల ఉన్నడా?" అని అడుగుతున్నాడు. తండ్రి నవ్వుతూ చెయ్యి పట్టి లాగాడు. వాడు కదిలితేగా! పక్క స్తంభం వైపు పరుగెత్తాడు.

నిర్మాతలూ, వింటున్నారా? ప్రేక్షకుడు తయారుగా ఉన్నాడు. వాడికి చూపించడానికి మీ దగ్గర ఏముందో చెప్పండి!